ఎప్పుడూ సీరియస్‌గా ఉండే మనిషి సరదాగా ఉండటం నేర్చుకోగలడా? దానివల్ల నిజంగా ఉపయోగం ఉందా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. గాజువాకలో ఒక బ్యాంకు కౌంటర్‌లో ఈమధ్యే చేరారు. పని తప్పుల్లేకుండా చేస్తున్నారు. అయినా మేనేజర్ గారు "కాస్త నవ్వు మొహంతో మాట్లాడవయ్యా" అంటున్నారు. ఇంట్లో మీ ఆవిడదీ అదే మాట. మీ నాన్నగారేమో చిన్నప్పటి నుంచి "నవ్వు నాలుగు విధాల చేటు" అని చెప్పి పెంచారు. ఒక ఫ్రెండ్ బీచ్ రోడ్డులో లాఫింగ్ క్లబ్బులో చేరమంటున్నాడు. లేని నవ్వు తెచ్చిపెట్టుకోవడం నటనే కదా, సరదాగా ఉంటే ఒరిగేదేమిటి, మొదటి నుంచీ గంభీరంగా ఉండేవాడు మారగలడా అన్నది మీ సందేహం.

ముందు సూటిగా జవాబు. ఉపయోగం ఉంది, చాలా ఉంది. నేర్చుకోవచ్చు కూడా. అయితే మీరు నేర్చుకోవాల్సింది జోకులు వేయడం కాదు. ఎదుటి మనిషికి భయం, బెరుకు తగ్గేలా మసలడం. దాని వెంట నవ్వు వస్తే మంచిదే. రాకపోయినా నష్టం లేదు.

నేను విశాఖలో నర్సుగా చేరి హెడ్ నర్సుగా రిటైరయ్యాను. సర్వీసులో ఎక్కువ భాగం ఎముకల వార్డులోనూ, సర్జికల్ వార్డులోనూ గడిచింది. శ్రీకాకుళం, విజయనగరం, పాడేరు, అరకు వైపుల నుంచి, ఒడిశా నుంచి కూడా మా దగ్గరికి రోగులు వచ్చేవారు. రాత్రంతా ప్రయాణం చేసి, చేతిలో ఉన్న డబ్బు సరిపోతుందో లేదో తెలియక, ఎవరిని ఏం అడగాలో తెలియక నిలబడేవాళ్ళు. అలాంటి చోట నర్సు మొహం ఎలా ఉందన్నది చిన్న విషయం కాదు. మీ బ్యాంకు కౌంటర్ ముందు నిలబడేవాళ్ళలో కూడా చాలామందిది దాదాపు ఇదే పరిస్థితి.

జాలరిపేట నుంచి వచ్చిన ఒక పెద్దాయన సంగతి చెబుతాను. హార్బర్‌లో జారిపడి కాలి ఎముక విరిగింది, చర్మం చీరుకుని పెద్ద పుండు పడింది. రోజూ కట్టు మార్చాలి. పుండుకు అంటుకుని ఎండిపోయిన గాజుగుడ్డను లాగేయకూడదు. సెలైన్ పోసి నానబెట్టి, అంచు నుంచి నెమ్మదిగా ఎత్తాలి. అది నానేదాకా ఆగే ఆ కాసిని నిమిషాలే అసలు కష్టం. నొప్పి ఇంకా మొదలు కాలేదు, కానీ వస్తుందని రోగికి తెలుసు. ఆయన రెండు చేతులతో మంచం కడ్డీ పట్టుకునేవాడు. కాలు కర్రలా బిగుసుకుపోయేది. కండ అలా బిగిసి ఉంటే ఎంత మెల్లగా ముట్టుకున్నా నొప్పి ఎక్కువే.

ఒక రోజు సెలైన్ పోస్తూ, "మావయ్యా, కోనం చేప తాజాదో కాదో ఎలా పోల్చుకోవాలి?" అని అడిగాను. ఆయన నా వైపు తిరిగి, "ఏటి సిస్టరమ్మా, ఇన్నాళ్ళూ మొప్పలు సూడకుండానే కొంతన్నావా?" అన్నాడు. ఇక ఆగలేదు. మొప్పలు ఎర్రగా ఉండాలట, కన్ను ఉబ్బి మెరుస్తూ ఉండాలట, వేలితో నొక్కితే సొట్ట నిలవకూడదట. సొట్ట ఎలా ఉంటుందో చూపించడానికి కడ్డీ మీద నుంచి చెయ్యి తీసి తన జబ్బ మీద నొక్కి చూపించాడు. అప్పటికి గాజుగుడ్డ సగం పైకి వచ్చేసింది. మర్నాటి నుంచి నేను ట్రే తీసుకుని వెళ్ళేసరికి "ఈరోజు ఏ సేప?" అని ఆయనే అడిగేవాడు.

మన తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరపడవల వేట నిషేధం ఉంటుంది కదా. ఆయన పడింది ఆ రోజుల్లోనే. "అదును సూసుకునే పడ్డాను, ఒక్క రోజు ఏట కూడా పోనేదు" అని పక్క మంచాల వాళ్ళకు చెప్పేవాడు. ఆ వరసలో అందరూ నవ్వేవారు. కాలు పైకి కట్టించుకుని పడుకున్న కుర్రాళ్ళు కూడా నవ్వేవారు. గమనించండి, ఇందులో నేను వేసిన జోకు ఒక్కటీ లేదు. ఆయనకు బాగా తెలిసినదాని గురించి ఒక ప్రశ్న అడిగాను, అంతే. మంచం మీద పడ్డాక ఆయన్ని అందరూ "కాలు విరిగిన కేసు" అనే చూశారు. ఆ ప్రశ్నతో మళ్ళీ చేపల సంగతి తెలిసిన పెద్దమనిషి అయ్యాడు. ఆయనలో సరదా ముందే ఉంది. దానికి కాస్త చోటు దొరికింది.

ఇది నా ఒక్కదాని అనుభవం మాత్రమే కాదు. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో రాబిన్ డన్‌బార్ బృందం 2011లో ఒక పరిశోధన వెలువరించింది. నలుగురితో కలిసి కామెడీ చూసి గట్టిగా నవ్వినవాళ్ళు, ఆ తర్వాత చేతికి బాగా చల్లటి పట్టీ చుట్టినా, బీపీ పట్టీ బిగించినా, మునుపటికంటే ఎక్కువ ఓర్చుకోగలిగారు. నవ్వినప్పుడు ఒంట్లో విడుదలయ్యే ఎండార్ఫిన్లే దీనికి కారణమని వాళ్ళ అభిప్రాయం. నవ్వు మీద ఏళ్ళ తరబడి పనిచేసిన అమెరికా శాస్త్రవేత్త రాబర్ట్ ప్రొవైన్ లెక్క ఇంకా ఆసక్తిగా ఉంటుంది. మనుషులు ఒంటరిగా ఉన్నప్పటికంటే పక్కన మనిషి ఉన్నప్పుడు దాదాపు 30 రెట్లు ఎక్కువ నవ్వుతారట. ఆ నవ్వుల్లో జోకు లాంటి మాట తర్వాత వచ్చినవి అయిదో వంతుకు మించలేదు. మిగతావన్నీ "సరే, మళ్ళీ కలుద్దాం" లాంటి మామూలు మాటల తర్వాత వచ్చినవే. "నాకు జోకులు రావు" అని మీరు రాశారు. జోకులు రాకపోవడం వల్ల మీకు పోయేది చాలా తక్కువని దీన్నిబట్టి తెలుస్తుంది.

ఇక్కడ ఒక జాగ్రత్త. నవ్వితే షుగరు పోతుంది, క్యాన్సర్ నయమవుతుంది అని వాట్సాప్‌లో తిరిగేవి నమ్మకండి. ఆ పెద్దాయన ఎముక అతుక్కోవడానికి పట్టాల్సిన కాలం పట్టింది, వాడాల్సిన యాంటీబయాటిక్స్ వాడాం. సరదాతనం చికిత్సను భరించగలిగేలా చేసింది. దాని విలువ అది. అంతకంటే ఎక్కువ చెబితే అబద్ధమవుతుంది.

నటన సంగతికి వస్తాను. మీ ప్రశ్నలో నాకు బాగా నచ్చింది ఇదే. 1983లో ఆర్లీ హోష్‌చైల్డ్ అనే అమెరికా సామాజిక శాస్త్రవేత్త విమానాల్లో పనిచేసే ఎయిర్ హోస్టెస్‌ల మీద అధ్యయనం చేసి ఒక తేడా చూపించారు. లోపల చికాకు అలాగే ఉంచుకుని పైకి మాత్రం నవ్వడం ఒకటి. ఎదుటివాడి స్థితి ఊహించుకుని లోపలి చికాకునే తగ్గించుకోవడం ఇంకొకటి. మొదటిది రోజంతా చేస్తే మనిషి అలిసిపోతాడని తర్వాత చాలా పరిశోధనలు చెప్పాయి. మా నర్సుల్లోనూ అది కళ్ళారా చూశాను. అలాగని కావాలని నవ్వడం పూర్తిగా దండగ కూడా కాదు. 19 దేశాల్లో జరిపి 2022లో ప్రచురించిన ఒక పెద్ద అధ్యయనంలో, ఊరికే నవ్వు మొహం పెట్టినా మనసు స్వల్పంగా తేలికపడిందని తేలింది. స్వల్పంగానే. దాని మీద ఉద్యోగమంతా నడపలేరు.

అందుకే నేను జూనియర్లకు "నవ్వండి" అని చెప్పేదాన్ని కాదు. "కేస్ షీటు చూసే ముందు మనిషిని చూడండి" అని చెప్పేదాన్ని. చూస్తే చాలు, మొహం దానంతట అదే మారుతుంది.

నాకంటే సీనియర్ సిస్టర్ ఒకావిడ ఉండేవారు. ఆవిడ నవ్వడం అరుదు, గొంతు కూడా కటువు. కానీ మంచం పక్కన స్టూలు లాక్కుని కూర్చుని మాట్లాడేవారు. రౌండ్స్‌లో అందరూ నిలబడి మాట్లాడి వెళ్ళిపోయే చోట ఒకరు కూర్చుంటే, ఈవిడకు నా కోసం టైముంది అని రోగికి అర్థమవుతుంది. ఆవిడ డ్యూటీలో వార్డు ఎంత తేలిగ్గా ఉండేదో చెప్పలేను. "ఈరోజు స్టూలమ్మ డ్యూటీయేనా?" అని రోగులు ముద్దుగా అడిగేవారు. గంభీరమైన మనిషి తన గంభీరత వదలకుండానే చుట్టూ ఉన్నవాళ్ళను తేలికపరచగలడు. మీరు మారిపోయి ఇంకొకరు కానక్కర్లేదు.

మీ నాన్నగారి మాట కూడా తీసిపారేయకండి. పెద్దలు భయపడింది అదుపు లేని నవ్వు గురించి, ఎగతాళి గురించి. భరతుడు నాట్యశాస్త్రంలో నవ్వును స్మితం, హసితం, విహసితం, ఉపహసితం, అపహసితం, అతిహసితం అని ఆరు రకాలు చేశాడు. పెదవి మీద సన్నగా మెరిసే స్మితాన్ని ఉత్తములకూ, ఒళ్ళు ఊగిపోయేలా వచ్చే అతిహసితాన్ని చివరి వరసకూ కేటాయించాడు. కౌంటర్‌లో కూర్చున్నవాడికి మొదటి రెండూ చాలు.

ఎగతాళి ఎంత చేటు చేస్తుందో చెబుతాను. మా వార్డుకు శిక్షణకు వచ్చిన ఒక కుర్రాడు చాలా హుషారు. అందరినీ నవ్వించాలని తాపత్రయం. కడుపు ఆపరేషన్ అయిన ఒక పల్లెటూరి ముసలమ్మ "ఏటి సేత్తాం బావూ" అంటే, అదే యాసలో సాగదీసి తిరిగి అన్నాడు. చుట్టుపక్కల వాళ్ళు నవ్వారు. ఆవిడ కూడా నవ్వింది. ఆ తర్వాత ఎవరు ఏం అడిగినా తల ఊపడమే తప్ప నోరు విప్పలేదు. డాక్టరు గారు అడిగితే బాగానే ఉందన్నట్టు తల ఊపింది. సాయంత్రం మనవరాలు వచ్చి చెప్పేదాకా, పొద్దుటి నుంచి కడుపు ఉబ్బరంగా ఉందన్న సంగతి మాకు తెలియలేదు. సినిమాల్లో మన ఉత్తరాంధ్ర యాసను నవ్వులాటకు వాడీ వాడీ, అది తప్పని కూడా చాలామందికి తట్టడం లేదు. నాకు మాత్రం ఇప్పటికీ అలాంటి జోకు వింటే ఒళ్ళు మండుతుంది.

ఎదుటివాడు నవ్వాడు కదా, కాబట్టి బాధపడలేదు అనుకోకండి. రోగి, కింది ఉద్యోగి, కొత్త కోడలు, అప్పు కోసం మీ దగ్గరికి వచ్చిన మనిషి, వీళ్ళంతా మొహమాటానికి నవ్వుతారు. ఆ నవ్వును లెక్కలోకి తీసుకోకూడదు. మన మాట తర్వాత ఆ మనిషి ఇంకా ఎక్కువ మాట్లాడుతున్నాడా, తగ్గించేశాడా అన్నది చూడండి. నేను చూసినంతలో అంతకంటే నమ్మకమైన గుర్తు లేదు.

కష్టకాలంలో సరదా గురించి కూడా రెండు మాటలు. 2014 అక్టోబరు 12న విశాఖ మీదికి హుద్‌హుద్ తుఫాను వచ్చి వెళ్ళాక కరెంటు లేదు, నీళ్ళు లేవు, ఫోన్లు లేవు. మా వీధిలో నీళ్ళ ట్యాంకరు దగ్గర క్యూలో బిందెల వరస గురించి గొడవ మొదలైంది. అప్పుడు ఒకావిడ, ఇంటి మీద సిమెంటు రేకులు సగం ఎగిరిపోయిన మనిషి, "గుమ్మం ముందు చెట్టు కొట్టించమని మా ఆయనకి ఎన్నాళ్ళ నుంచో చెబుతున్నాను. ఆఖరికి తుఫానే వచ్చి కొట్టింది, కూలి కూడా అడగలేదు" అంది. క్యూ అంతా ఒక్కసారిగా నవ్వింది. అంతవరకు అరుచుకున్న ఇద్దరిలో ఒకతను పక్కనున్న ముసలావిడ బిందె అందుకుని పట్టి పెట్టాడు. ఆ మాట రేకులు తేలేదు, కరెంటూ తేలేదు. కానీ నా నీళ్ళు, నీ నీళ్ళు అని నిలబడ్డవాళ్ళు కాసేపటికి ఒక వీధివాళ్ళయ్యారు.

అయితే ఆ మాట అనే హక్కు రేకులు పోయినావిడది. ఇల్లు చెక్కుచెదరనివాళ్ళు అని ఉంటే కొట్లాటయ్యేది. కష్టంలో ఉన్నవాడు తన కష్టం మీద తాను నవ్వుకుంటే మనం తోడు నవ్వొచ్చు. మనంతట మనం మొదలుపెట్టకూడదు. అలాగే ఏడుస్తున్న మనిషికి "నవ్వుతూ ఉండండి, అంతా సర్దుకుంటుంది" అని చెప్పడం లాంటి కఠినమైన పని ఇంకోటి లేదు. చావు కబురు చెప్పాల్సిన చోట మేం పక్కకు తీసుకెళ్ళి, కూర్చోబెట్టి, తిన్నగా చెప్పి, ఊరుకునేవాళ్ళం. సరదా మనిషికి ఎప్పుడు ఊరుకోవాలో కూడా తెలిసి ఉండాలి.

లాఫింగ్ క్లబ్బు గురించి నా మాట ఇదీ. నచ్చితే నిరభ్యంతరంగా వెళ్ళండి. డాక్టర్ మదన్ కటారియా 1995 మార్చి 13న ముంబయిలో ఒక పార్కులో అయిదుగురితో దీన్ని మొదలుపెట్టారు. మొదట్లో జోకులు చెప్పుకునేవారు. కొన్నాళ్ళకు మంచి జోకులు అయిపోయి, మనసు నొప్పించేవి రావడంతో, అసలు జోకులే మానేసి ఊరికే నవ్వే పద్ధతి పెట్టుకున్నారు. నాకు ఈ సంగతి చాలా ఇష్టం. బీచ్ రోడ్డులో పొద్దున్నే చేతులు పైకెత్తి నవ్వే పెద్దవాళ్ళకు అసలు లాభం, తెల్లారేసరికి నలుగురు మనుషులు కలవడం. ఒంటరిగా ఉండే రిటైరైనవాళ్ళకు అది చిన్న లాభం కాదు. మీ వయసులో మీ సమస్యకు మాత్రం అది అంతగా పనికొస్తుందనుకోను. ఒక నర్సు మాట: హెర్నియా ఉన్నవాళ్ళు, ఈమధ్యే కడుపు ఆపరేషన్ అయినవాళ్ళు డాక్టరును అడగకుండా ఇలాంటి గట్టి నవ్వులకు పోకండి. ఆపరేషన్ అయిన ఇంట్లో నవ్వో దగ్గో ఆపుకోలేకపోతే కుట్ల మీద దిండు గట్టిగా అదిమి పట్టుకోవాలి.

ఇక మీ కౌంటర్ దగ్గర రేపటి నుంచి ఏం చేయాలో చెబుతాను.

మనిషి రాగానే కంప్యూటర్ మీద నుంచి కళ్ళు ఎత్తండి, ఆ తర్వాతే మాట్లాడండి. "చెప్పండమ్మా", "రండి మాస్టారూ", ఎవరికి ఏది నప్పితే అది. మన ఊళ్ళో ఈ పిలుపులకు చాలా విలువ ఉంది. సర్వర్ పనిచేయకపోతే "సర్వర్ డౌన్, పావుగంట పట్టేలా ఉంది, కూర్చోండి, నేను పిలుస్తాను" అనండి. పిలుస్తానన్నవాళ్ళు పిలవాలి. ఎన్ని నవ్వులు నవ్వినా పిలవకపోతే అంతా వృథా. ఎవరైనా కేకలేస్తే, అది మీ మీద కోపం అనుకునే ముందు ఆ మనిషి దేనికి భయపడుతున్నాడో ఆలోచించండి. నూటికి తొంభై సార్లు డబ్బు పోతుందన్న భయమే అలా అరుస్తుంది. భయానికి జవాబు చెబితే కేకలు వాటంతట అవే తగ్గుతాయి.

నవంబరులో పెన్షనర్లు లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వడానికి వస్తారు. బతికే ఉన్నానని ఏటా వచ్చి రుజువు చూపించుకోవాలి. వేలిముద్ర పడక మెషిన్ మీద మళ్ళీ మళ్ళీ పెట్టాల్సి వస్తుంది, వెనక క్యూ గొణుగుతుంది, పెద్దాయన చెయ్యి వణుకుతుంది. అలాంటప్పుడు "కంగారు లేదు బాబాయ్ గారూ, మీరేం ఉద్యోగం చేసేవారు?" అని అడిగి చూడండి. పోర్టులోనో, స్టీల్ ప్లాంటులోనో, రైల్వేలోనో చేసినవాళ్ళు ఆ సంగతి చెప్పడం మొదలుపెడితే చెయ్యి కుదుటపడుతుంది. ఆ చేతిని జాగ్రత్తగా తుడిచి మళ్ళీ పెట్టించండి.

ఇల్లు మర్చిపోకండి. ఓపికంతా బయటివాళ్ళకు ఖర్చుపెట్టి ఇంటికి వచ్చి విసుక్కోవడం మా వృత్తిలో మామూలు జబ్బు. డ్యూటీ దిగి ఇంటికి రాగానే పది నిమిషాలు నన్ను పలకరించొద్దని పిల్లలకు చెప్పుకున్నాను. మొహం కడుక్కుని, టీ తాగి, అప్పుడు వాళ్ళ దగ్గర కూర్చునేదాన్ని. వాళ్ళు ఏమీ అనుకోలేదు, ఆ తర్వాత దొరికే అమ్మే వాళ్ళకు కావాలి. మీ ఆవిడతో ఇలాంటి ఒప్పందం చేసుకోండి.

చివరగా ఒక్క విషయం మాత్రం అశ్రద్ధ చేయకండి. గంభీరంగా ఉండటం స్వభావం. కానీ ఇదివరకు ఇష్టమైనవి కూడా ఇప్పుడు రుచించకపోవడం, నిద్ర చెడిపోవడం, దేనిమీదా మనసు నిలవకపోవడం రెండు వారాలకు మించి ఉంటే అది స్వభావం కాదు, జబ్బు. దానికి నవ్వు మందు కాదు, డాక్టరును చూడాలి. మానసిక ఆరోగ్యం కోసం ప్రభుత్వం నడిపే టెలీ మానస్ హెల్ప్‌లైన్ నంబరు 14416కు ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు. ఎప్పుడూ అందరినీ నవ్విస్తూ ఉండే మనిషికి కూడా ఇది రావచ్చు, అలాంటి స్నేహితుడుంటే అప్పుడప్పుడు విడిగా పలకరించండి.

కౌంటర్‌లో మీకు ఎక్కువ చికాకు తెప్పించే సందర్భం ఏదో ఒకటి వివరంగా రాయండి. దాని గురించి విడిగా చెబుతాను.